మా పాప ముఖానికి మిషన్ పట్టించిన ఎండాకాలం

యలహంక పాతూరులో, మా పిండి మిల్లు ఉన్న వీధిలో, ఏ ఇంట్లో బిడ్డ పుట్టినా, ఏ ఇంట్లో పెళ్లి కుదిరినా, ఆ ఇంటి ఆడవాళ్లు ముందు నా దగ్గరికి వచ్చేవారు. సున్నిపిండి కోసం. పెసలు, సెనగలు, కచ్చూరాలు, ఎండబెట్టిన నారింజ తొక్కలు, కాసింత పసుపుకొమ్ము, ఏది ఎంత వేయాలో మా అమ్మ నేర్పింది. మా ఆయన పెద్ద రాయి మీద రాగులు, గోధుమలు ఆడుతుంటే, నేను మూలనున్న చిన్న రాయి మీద సున్నిపిండి ఆడేదాన్ని. చదువంటారా, నాలుగో తరగతిలోనే ఆగిపోయింది. కానీ ఎవరి బిడ్డకు ఏ పిండి పడింది, ఎవరికి దద్దుర్లు వచ్చాయి అని ఇప్పుడడిగినా చెప్తాను.

అట్లాంటి నా ఇంట్లోనే మా పాప ముఖం అట్లా అయింది.

ఎదిగే వయసులో అందరికీ వచ్చినట్టే మొటిమలు వచ్చాయి. అందరికీ పోయినట్టు పోలేదు. నా పిండి రాస్తే ఇంకా రేగేవి. అది అద్దం ముందు నిలబడి గిల్లేది, నేను చెయ్యి మీద కొట్టేదాన్ని, అది మళ్లీ గిల్లేది. డిగ్రీ అయ్యేసరికి మొటిమలు చాలావరకు అణిగాయి గానీ, బుగ్గలనిండా, నుదుటి మీదా గడ్డం మీదా కూడా నల్లటి మచ్చలు, మధ్యమధ్య చిన్న చిన్న గుంటలు మిగిలాయి. సున్నిపిండి కోసం వచ్చినవాళ్లు డబ్బా పుచ్చుకుంటూ లోపలికి తొంగి చూసేవారు. "ఏమక్కా, ఇంట్లో పాపకు రాయవా?" అని నవ్వేవారు. పాప ఆ మాటలు విని విని, జడ వదులుగా వేసుకుని, రెండు పక్కలా జుట్టు బుగ్గల మీదికి లాక్కోవడం అలవాటు చేసుకుంది. ఎవరితోనైనా మాట్లాడితే ఎడమ చెయ్యి బుగ్గ మీదికి పోయేది. పంటి నొప్పి ఉన్నవాళ్లలాగా.

దానికి పిల్లలంటే ప్రాణం. మా వీధికి దగ్గర్లోని ఒక చిన్న బడిలో చేరింది. తరగతిలో పెద్ద టీచరమ్మ చెప్తుంటే, ఇది పక్కన కూర్చుని పిల్లల చేత అక్షరాలు దిద్దించేది. అప్పటికి కొత్త శతాబ్దం మొదలై రెండు మూడేళ్లు అయి ఉంటుంది. ఆ చలికాలంలో బడి పెద్ద మేడమ్ మా పాపను పిలిచి, "జూన్ నుంచి యూకేజీ నువ్వే చూసుకో, పూర్తిగా నీ తరగతి" అంది. ఆ మాట చెప్తూ ఇంటికొచ్చిన రోజు పాప మెట్లు ఎక్కలేదు, ఎగిరి వచ్చింది.

ఆ వారంలోనే ఒక బుడత పిల్ల, పలక చూపిస్తూ చూపిస్తూ, దీని ముఖం దగ్గరగా ముఖం పెట్టి అడిగిందట.

"మిస్, మీ బుగ్గలో చీమలు ఇండ్లు కట్టుకున్నాయా?"

పిల్లలంతా నవ్వారు. ఆ బుడత నవ్వలేదు, నిజంగా తెలుసుకుందామని అడిగింది. పాప ఇంటికొచ్చి అన్నం తినలేదు.

"నేను పోనమ్మా," అంది. "పక్కన కూర్చుంటే సరే. బోర్డు ముందర నిలబడితే అందరూ నా ముఖమే చూస్తా ఉంటారు. మేడమ్‌కు వద్దని చెప్పేస్తాను."

"పసిబిడ్డ మాటకు ఎవరైనా పని మానుకుంటారా?"

"పసిబిడ్డ కాబట్టే నిజం చెప్పిందిమా. పెద్దోళ్లు మనసులో అనుకుంటారు, అంతే."

మా ఆయన పీట మీద నుంచి నవ్వించబోయాడు. "మిల్లు రాయి నునుపెక్కితే మనిషిని పిలిచి ఉలితో గుంటలు కొట్టిస్తాము గదా. నీకు దేవుడు ఊరికే కొట్టి పంపినాడు, ఇంకేం కావాల?" అన్నాడు. పాప లేచి లోపలికి వెళ్లి తలుపేసుకుంది. "సుమ్నే, ఊరికే ఉండలేవా నువ్వు!" అని మా అత్త తన కొడుకును తిట్టింది. ఆయన ఆ రాత్రి రెండోసారి పెరుగు అడగలేదు.

మా పక్క వాటాలో ఒక నర్సమ్మ ఉండేది. గుంటూరు వైపు నుంచి వచ్చిన క్రైస్తవుల అమ్మాయి, పెద్ద ఆసుపత్రిలో పని. ఒకరోజు గోధుమలు ఆడించడానికి వచ్చినప్పుడు, మాటల్లో నేను పాప సంగతి చెప్పాను. ఆవిడే మొదటిసారి ఆ మాట అంది. మైక్రోడెర్మాబ్రేషన్. నాకు నోరు తిరగలేదు.

"అంటే ఏం లేదు పిన్నిగారూ, సన్నటి పొడిని మిషన్‌తో చర్మం మీదికి కొడతారు. అది పైపొరను గీరుతుంది. ఆ గీరిన మట్టినంతా అదే మిషన్ లాగేసుకుంటుంది."

"అంటే నా సున్నిపిండి చేసేదే గదా!"

"ఇంచుమించు అదే. మరి మీ పిండి వారం వారం రుద్దితే లేచేది అది అరగంటలో లేపుతుంది. కాని ఒక్క మాట వినండి. బ్యూటీ పార్లర్‌కి తీసుకెళ్లకండి. ముందు చర్మం డాక్టరుకి చూపించండి. పాపది మన రంగు చర్మం, చెయ్యి తెలియనివాళ్లు చేస్తే కొత్త మచ్చలు పడతాయి."

పాప మొదట రానంది. తర్వాత, ఊరికే చూపించుకుని వస్తానంది. నేనూ అదీ బస్సెక్కి మల్లేశ్వరం పోయాము.

డాక్టరమ్మది కోలారు పక్క. ఇంట్లో కన్నడం మాట్లాడేవాళ్లే అయినా తెలుగు మనకంటే బాగా వచ్చు. పాపను దీపం కింద కూర్చోబెట్టి, భూతద్దం పెట్టి, జుట్టు వెనక్కి తీసి చూసింది. ఎన్నేళ్లయిందో ఇంకొక మనిషి దాని ముఖాన్ని అంత దగ్గరగా చూసి. నా బిడ్డ కళ్లు గట్టిగా మూసుకుని కూర్చుంది.

"నీ ముఖంలో మూడు రకాలు ఉండాయమ్మా," అంది డాక్టరమ్మ. "నల్లమచ్చలు ఒకటి. పైపైన ఉండే చిన్న పల్లాలు ఒకటి. లోతు గుంటలు ఒకటి. మచ్చలు ఈ మిషన్‌కు బాగా తగ్గుతాయి. పల్లాలు కొంచెం మెత్తబడతాయి. లోతు గుంటలను ఇది ఏమీ చెయ్యలేదు. ముఖం అద్దంలా చేసిస్తామని ఎవరన్నా అంటే నమ్మొద్దు."

ఆమె అట్లా లేనిదాన్ని లేదని చెప్పడం నాకు నచ్చింది. పాపకు నచ్చలేదు. "అయితే ఏం లాభం?" అంది గొణిగినట్టు.

"లాభం ఉండాది. తొందర లేదు. ఇంకా ఒకటీ అరా మొటిమలు లేస్తా ఉండాయి, ముందు అవి మానాల. పచ్చి మొటిమల మీద మిషన్ పెట్టకూడదు. క్రీము ఇస్తాను, రాత్రిపూట రాసుకో. మిషన్ పెట్టే ముందర కొన్ని రోజులు అది ఆపేయాల. మూతి పక్కన జ్వరం పొక్కులు వస్తాయా నీకు? వస్తే ముందే చెప్పాల." ఒక్కొక్కటీ అడిగి రాసుకుంది. ఒకసారితో అయ్యేది కాదనీ, వారాల ఎడం ఇచ్చి కొన్నిసార్లు చేయాలనీ చెప్పింది.

బడి పిల్లల పరీక్షలు అయిపోయి సెలవులిచ్చాక మళ్లీ పోయాము. అప్పుడు నేనొక పని చేశాను, ఇప్పటికీ మా ఇంట్లో చెప్పుకుని నవ్వుతారు. పాప మంచం మీద పడుకోబోతుంటే అడ్డం పోయి, "డాక్టరమ్మా, ముందు నాకు పెట్టి చూపించండి" అన్నాను.

"మీకెందుకమ్మా?"

"నా బిడ్డ ముఖానికి పెట్టేది నాకు తెలియాల గదా."

ఆమె నవ్వి, నా ఎడమ ముంజేతిని కడిగి తుడిచి, పెన్ను మాదిరి గొట్టం పట్టుకుంది. మిషన్ గుర్రుమంది. మా మిల్లు మోటారుకు పుట్టిన పిల్లలాగా ఉంది దాని గొంతు. గొట్టం చర్మానికి ఆనగానే లోపలికి పీల్చుకున్నట్టయింది. ఆ పీల్చుకునే చోటే సన్నటి ఇసుక గరగరమంది. నొప్పి కాదు. పిల్లి నాలుకతో నాకితే ఎట్లా ఉంటుందో అట్లా. అటూ ఇటూ కొన్నిసార్లు తిప్పి ఆపేసింది. పొయ్యి సెగకు కమిలిపోయిన నా చేతి మీద రూపాయి బిళ్లంత జాగా ఎర్రబడి, తడిమితే పసిబిడ్డ పాదంలా తగిలింది. దాన్నే తడుముకుంటూ స్టూలు మీద కూర్చున్నాను.

పాప తలకు గుడ్డ కట్టారు. కళ్ల మీద తడి దూది పెట్టారు. డాక్టరమ్మ ఒక చేతి వేళ్లతో చర్మాన్ని సాగదీసి పట్టుకుని, రెండో చేత్తో నుదురు మొదలుపెట్టి ముక్కు, బుగ్గలు, గడ్డం వరుసగా పోనిచ్చింది. నాగలి సాళ్లు తోలినట్టు ముందు ఒక వైపు, తర్వాత అడ్డంగా. పై పెదవి దగ్గరికి వచ్చేసరికి పాపకు చక్కిలిగింత పుట్టి కాళ్లు కదిలించింది. "కదలొద్దు కదలొద్దు," అంటూ ఆమె నవ్వింది. అంతా అయిపోయాక తడిగుడ్డతో తుడిచి, చల్లటి క్రీము ఒకటి, ఎండ సోకకుండా ఇంకో క్రీము పూసి కూర్చోబెట్టారు.

చామనచాయ ముఖం ఎర్రమట్టి రంగుకు తిరిగింది. "ఎట్లా ఉండాది?" అన్నాను. "నోట్లో ఇసుక తగులుతా ఉందిమా. చెవుల్లో కూడా. ముఖం బిగదీసినట్టు ఉంది, తిరునాళ్లలో పొద్దంతా ఎండకు తిరిగినట్టు," అంది.

డాక్టరమ్మ నన్ను కూడా కూర్చోబెట్టి చెప్పింది. ఈ ఎరుపు ఒకటి రెండు రోజుల్లో పోతుంది. తర్వాత అక్కడక్కడ పొట్టు లేస్తుంది, గిల్లకూడదు. ముఖం నీళ్లతో మెల్లగా కడగాలి, తుడిచేటప్పుడు అద్దాలి గానీ రుద్దకూడదు. పసుపు, సెనగపిండి, సున్నిపిండి, ఆవిరి పట్టడం, ఏదీ ఆ వారమంతా వద్దు. ఎండలో అసలే తిరగకూడదు, గొడుగు లేకుండా గడప దాటకూడదు. "ఇప్పుడు పైన ఉండేది పసి చర్మం. దాన్ని పసిబిడ్డలా చూసుకోవాల," అంది.

ఇంటికొచ్చి అన్నీ మా అత్తకు పూసగుచ్చినట్టు చెప్పాను. ఆమెది హొసకోటె. మాట మీద నిలబడే మనిషి. "ముట్టనులేమ్మా దాని ముఖం, నాకు తెలీదా?" అంది.

ఆ వారంలోనే ఉగాది వచ్చింది.

మా ఇంట్లో ఉగాది తలంటు మా అత్త చేతి మీదుగానే జరగాలి. తెల్లవారకముందే అండాలో నీళ్లు కాగేవి. ఇంట్లో ఎవరైనా సరే, నెరిసిన జుట్టుతో ఉన్న మా ఆయనైనా సరే, పీట మీద ముడుక్కుని కూర్చుంటే, ఆమె మాడు మీద నూనె పెట్టి, చప్పుళ్లు వచ్చేలా చరిచి, ఒళ్లంతా సున్నిపిండితో నలిచేది. ఆమె చేతికింద ఎవరూ నోరెత్తకూడదు. నేను కొత్త కోడలుగా వచ్చిన ఏడు, కంట్లో నూనె పడితే ఏడ్చానని ఇంకో దోసెడు ఎక్కువ రుద్దింది.

పాప కూర్చోబోయే ముందు కూడా చెప్పాను. "తలకు మాత్రమే అత్తా. ముఖం జోలికి పోవద్దు." "సరే పోమ్మా, ఎన్నిసార్లు చెప్తావు!" అంది. నేను పొయ్యి మీద ఒబ్బట్ల పూర్ణం అడుగంటుతుందని లోపలికి పోయాను.

ఆమె ముందు తలకే రుద్దింది. పాప నూనె కారుతుందని కళ్లు మూసుకుంది. తల నుంచి మెడకు, మెడ నుంచి చెవుల వెనక్కి వచ్చింది చెయ్యి. అరవై ఏళ్లుగా చేస్తున్న పని. పిల్లలకు, తమ్ముళ్లకు, బాలింతలకు, పెళ్లికూతుళ్లకు చేసిన చెయ్యి. చెవుల వెనక నుంచి తర్వాత ఎక్కడికి పోవాలో ఆ చేతికి ఎవరూ చెప్పాల్సిన పని లేదు. మామూలుగా ముందుకు వచ్చి, రెండు బుగ్గల మీద గరగరా తిరిగింది. పాప "అవ్వా!" అని అరిచేసరికి, పూర్ణం గరిటె చేతిలో ఉండగానే నేను పరుగెత్తాను.

మా అత్త తన రెండు చేతులనూ ముందుకు చాపి వాటినే చూస్తూ కూర్చుని ఉంది.

చన్నీళ్లు పోసి కడిగాము. బుగ్గలు మండుతున్నాయని పాప విసనకర్రతో విసురుకుంటూ కూర్చుంది. మధ్యాహ్నానికి ముఖం ఉబ్బింది. పండగ పూట ఎవరూ ఒబ్బట్టు ముట్టలేదు. మా అత్త దేవుడి మూల గోడకు ఆనుకుని, "నా చేతులు ఇరిగిపోను. పాపా, నేను కావాలని చెయ్యలేదే," అంటూనే ఉంది. చివరికి పాపే విసుక్కుంది. "ఊరుకో అవ్వా. నువ్వు ఏడిస్తే నాకు ఏడుపొస్తుంది. నాకు ఏడుపొస్తే ఉప్పు నీళ్లకు ఇంకా మండుతుంది." ఆ మాటకు మా ఆయన నవ్వేశాడు. ఆ వెంటనే కండువా కళ్లకు అడ్డం పెట్టుకున్నాడు.

నర్సమ్మ డ్యూటీ దిగి వచ్చి చూసి, వెంటనే డాక్టరమ్మ దగ్గరికి తీసుకెళ్లమంది. మర్నాడే పోయాము. డాక్టరమ్మ కోప్పడుతుందనుకున్నాను. ఆమె తన తలే పట్టుకుని, "ఉగాది నేనే మరిచిపోయినాను చూడు. మా ఇంట్లోనూ మా అమ్మ ఇదే చేసేది," అంది. వాపు రెండు మూడు రోజుల్లో పోతుందనీ, కానీ రాసుకుపోయిన చోట కొంచెం నలుపు తేలుతుందనీ, దానికి భయపడొద్దనీ చెప్పింది. "ఈ నలుపు లోపలి మచ్చ కాదు. ఎండ తగలకుండా ఉంటే దానంతట అదే పోతుంది. పోయేదాకా మిషన్ మాట ఎత్తొద్దు."

ఆమె చెప్పినట్టే వాపు పోయింది, నలుపు తేలింది. రెండు బుగ్గల మీదా మసి చేతులతో నిమిరినట్టు. పాప అద్దానికి తువ్వాలు కప్పేసింది.

"చూసినారా, ఉండేది కూడా పోయింది. నేను పోయి మేడమ్‌కు చెప్పేసి వస్తాను. వేరే ఎవరినన్నా చూసుకుంటారు."

"బడి తెరిచేదాకా ఉండు," అన్నాను. "అప్పటికీ నీకు పోబుద్ధి కాకుంటే నేనే నీతో వచ్చి చెప్తాను. ఇప్పుడొద్దు."

అది ఒప్పుకోలేదు, కాదని కూడా అనలేదు. చెప్పులు వేసుకోబోయి, గుమ్మంలో ఎండ చూసి, మళ్లీ విప్పేసింది. ఎండకు భయపడి ఆగింది, నా మాటకు కాదు. ఎట్లా ఆగితేనేం అనుకున్నాను.

అక్కడి నుంచి మా అత్త ఇంకో మనిషైంది. పాప కూర్చునే కిటికీకి తన పాత చీర కట్టింది. పొద్దున పూసే క్రీము మధ్యాహ్నానికి మళ్లీ పూయాలని నర్సమ్మ చెబితే, మూత తీసి వాసన చూసి, "ఇదేనా ఎండది? ఇదేనా?" అని అడిగి మరీ తెచ్చిచ్చేది. పాప పెరట్లో బట్టలు తీయడానికి పోయినా వెనకే గొడుగు పట్టుకుని పరుగు. ఒకరోజు ఎవరో ఒకావిడ పెళ్లి కుదిరిన తన కూతురి కోసం సున్నిపిండి అడగడానికి వస్తే, మా అత్త మిల్లు గుమ్మంలోనే నిలబెట్టి అడిగింది.

"మీ పాప ముఖానికి మిషన్ పట్టించినారా?"

"ఏం మిషన్ అవ్వా?"

"పట్టించలేదు గదా? అయితే తీసుకుపో. పట్టించి ఉంటే మాత్రం ఈ పిండి ఇయ్యము."

వచ్చినావిడ నా వైపు చూసింది. నేను రాయి వైపు తిరిగి నవ్వు ఆపుకున్నాను. లోపల కిటికీ దగ్గర పాప గట్టిగా నవ్వడం వినిపించింది. ఉగాది తర్వాత అదే మొదటిసారి.

మామిడికాయలు మార్కెట్లోకి వచ్చి, పండ్లయ్యేసరికి బుగ్గల మీది మసి పలచబడింది. ఒకరోజు పొద్దున చూస్తే అద్దం మీద తువ్వాలు లేదు. ఎవరు తీశారని నేను అడగలేదు. పాప దీపం కింద నిలబడి, డాక్టరమ్మ చూసినట్టే, ముఖాన్ని ఇటు తిప్పి అటు తిప్పి చూసుకుంటోంది.

"అమ్మా, ఇది ముందు నల్లగా ఉండింది గదా? ఇక్కడ."

దగ్గరికి పోయి చూశాను. మొదటిసారి మిషన్ పట్టిన నుదురు, ముక్కు, గడ్డం మీద చర్మం తేటగా ఉంది. మా అత్త చెయ్యి పడని చోట్లు అవి. అక్కడి మచ్చలు పాత చీర మీది మరకల్లా వెలిసిపోయాయి.

"పోదామా డాక్టరమ్మ దగ్గరికి?" అన్నాను.

"పోదాం. అవ్వను కూడా తీసుకుపోదాం," అంది.

ముగ్గురం పోయాము. మా అత్త మంచం పక్కనే స్టూలు వేసుకుని, తన రెండు చేతులనూ కొంగులో చుట్టుకుని కూర్చుంది. "ఎందుకవ్వా అట్లా?" అని డాక్టరమ్మ అడిగితే, "వీటి మీద నాకు నమ్మకం లేదమ్మా," అంది. ఈసారి మిషన్‌ను చిన్నగా పెట్టి, తేలిగ్గా పోనిచ్చింది డాక్టరమ్మ. ఎరుపు మర్నాటికే పోయింది. పొట్టు అక్కడక్కడ రాలింది, దాని పాటికి దాన్ని వదిలేశాము. ఎడం ఇచ్చి ఇంకోసారి, బడి తెరిచే ముందర.

ఆ చివరిసారి పాప డాక్టరమ్మను తానే అడిగింది. "ఈ లోతు గుంటలు?"

"చెప్పినాను గదా, ఇవి దీనికి పోవు. వేరే పద్ధతులు ఉండాయి. ఏడాది పోనీ, కావాలంటే చూద్దాం. ఇవి ఇట్లాగే ఉన్నా చర్మానికి ఏ నష్టమూ లేదు."

పాప చేతి అద్దంలో చాలాసేపు చూసుకుంది. నేను దాని ఎడమ చేతిని గమనిస్తున్నాను. బుగ్గ మీదికి పోలేదు. "చూద్దాంలే మేడమ్," అంది, అద్దం తిరిగి ఇచ్చేస్తూ.

బస్సులో వచ్చేటప్పుడు అది బడి మాట ఎత్తలేదు. మా అత్త మాత్రం ముందు సీటులో ఉన్న ఎవరో ఆవిడకు, పసి చర్మాన్ని ఎట్లా చూసుకోవాలో యలహంక దాకా చెప్తూనే ఉంది.

బడి తెరిచే రోజు పొద్దున వంటింట్లో ఉన్నాను. పాప దువ్వెన తెచ్చి నా ముందు కూర్చుంది.

"బిగించి వెయ్యమా."

"ఎంత?"

"ముందుకు ఒక్క వెంట్రుక కూడా పడకూడదు. పిల్లలు లాగుతారు."

పిల్లలు లాగుతారట. నీళ్లు అద్ది, నున్నగా దువ్వి, చెవుల వెనక్కి పోయేలా బిగించి జడ వేశాను. ముఖమంతా బయటపడింది. మచ్చలు తగ్గాయి. గుంటలు ఉన్నాయి. నుదుటి మీద వెలుతురు పడి, అక్కడే నిలబడింది.

అది వెళ్లిన కాసేపటికే మా అత్త కేక పెట్టింది. గొడుగు వాకిట్లోనే ఉండిపోయింది.

"మబ్బు పట్టి ఉండాది గదా అత్తా, ఎండ ఎక్కడ?"

"మబ్బు చాటునా ఎండ ఉంటుందని డాక్టరమ్మ చెప్పలేదా? పో, ఇచ్చిరా పో!"

గొడుగు పట్టుకుని బడికి పోయాను. యూకేజీ గది కిటికీ వీధి వైపే ఉంది. పాప బోర్డు ముందర నిలబడి ఉంది. పిల్లలు కొత్త బ్యాగులు ఒళ్లో పెట్టుకుని కూర్చున్నారు. ముందు వరసలో ఒక బుడత లేచి, పాప దగ్గరికి వచ్చి తల పైకెత్తింది. పాప కిందికి వంగింది, ముఖం దాని ముఖానికి అందేలా. అప్పుడు అర్థమైంది నాకు, ఆ బుడత ఎవరో. గొడుగు పిడి గట్టిగా పట్టుకున్నాను.

"మిస్, చీమలు ఇండ్లు ఖాళీ చేసినాయా?"

పిల్లలంతా చూస్తున్నారు.

"కొన్ని చేసినాయి. కొన్ని ఇంకా ఉండాయి. బాడుగ కూడా కట్టడం లేదు!"

బుడత తీవ్రంగా ఆలోచించింది. "పంపించేయండి మిస్."

"ఉండనీలే పాపం. వానాకాలం వచ్చింది గదా, ఎక్కడికి పోతాయి? నువ్వు పోయి కూర్చో. అందరూ పలకలు తీయండి!"

నేను అట్లాగే ఇంటికి తిరిగి వచ్చేశాను. మిల్లు ముందరికి వచ్చాక గానీ గొడుగు చేతిలోనే ఉందని చూసుకోలేదు. మా ఆయన మోటారు ఆపి, "ఏమైంది? నిలబడిందా?" అన్నాడు. తల ఊపాను. ఆయన మళ్లీ మోటారు వేసుకున్నాడు, కానీ తొట్టిలో పోసిన రాగులు సగం బయటే పడ్డాయి.

మా అత్త మాత్రం గొడుగు నా చేతిలోంచి లాక్కుంది. "ఒక పని చెప్తే చెయ్యవు గదా!" అని, బడి వదిలేవేళకు తానే బయల్దేరింది.

మధ్యాహ్నం వీధి మొదట్లో ఇద్దరూ కనిపించారు. అప్పుడే సన్నగా జల్లు మొదలైంది. గొడుగు పాప చేతిలో ఉంది, దాన్ని మొత్తం అవ్వ వైపే వంచి పట్టుకుంది. అవ్వ గొడుగును పాప వైపు తోస్తోంది, పాప మళ్లీ అవ్వ వైపు వంచుతోంది. పాప ఏదో గట్టిగా చెప్తూ, రెండో చేతిని గాలిలో తిప్పుతూ నడుస్తోంది. దాని ముఖం మీద వాన పడుతూ ఉంది.